ఏడో అడుగుకు నిలబడ్డ నాయనమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు మేలుకునేది మా నాయనమ్మ. అయితే మేలుకోవడానికీ నిటారుగా నిలబడడానికీ మధ్య ఆమెకు కొంత దూరం ఉండేది. మంచం దగ్గర మొదలై వాకిట్లో నీళ్ల గోలెం దాకా ఆ దూరం. దాన్ని నేను అడుగులతో కొలిచాను. కొలిచి ఊరుకుంటే ఈ నాలుగు మాటలు రాసే అవసరం ఉండేది కాదు.

మా ఊరు సంగారెడ్డి పక్కనున్న కందికి దగ్గర్లో ఉండేది. పందొమ్మిది వందల యాభైల మాట ఇది. ఇప్పుడు అటు వెళ్తే ఫ్యాక్టరీ షెడ్లు, లారీలు కనిపిస్తాయి కానీ, అప్పుడు చెరువు కింద వరి, మెరకన జొన్న తప్ప మరేమీ లేదు. మా నాయనమ్మకు అరవై ఏళ్లుంటాయి. ఊళ్లో నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు ఆమే పెద్ద. పటేలు మడిలో మొదటి మొక్క ఆమె చేత్తోనే పడాలి. గట్టు పక్కన మొదటి వరస ఆమె వేస్తే దాన్ని చూసి మిగతా ఇరవై మందీ వరసలు పట్టేవారు. పాట ఎత్తుకునేది ఆమె, ఎవరి మొక్కలు దగ్గర పడ్డాయో, ఎవరివి దూరం పడ్డాయో చెప్పేది ఆమె. మా తాతయ్య పోయాక ఇంట్లో ఆమె మాట చెల్లడం తగ్గింది. కొడుకు మాటే మాట. కానీ నాట్ల పదిహేను రోజులూ మడిలో మాత్రం ఆమె మాటకు ఎదురు లేదు. ఏడాది పొడుగునా ఆమె ఆ పదిహేను రోజుల కోసమే ఎదురుచూసేదని నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు కాలేదు.

నాకప్పుడు పదేళ్లు. దేన్ని చూసినా లెక్కపెట్టే అలవాటు. ఇంటి పైకప్పు పెంకులు ఎన్ని, బడికి అడుగులు ఎన్ని, మా బర్రె ఒక ముద్దను ఎన్నిసార్లు నములుతుంది, ఇవన్నీ బడి పలక వెనక రాసుకునేవాణ్ణి. ఆ ఎండాకాలం పట్వారీ వెంట ఒక సర్వే మనిషి వచ్చి ఇనుప గొలుసుతో పొలాలు కొలిచాడు. గొలుసును ఒకరు పట్టుకోవడం, ఇంకొకరు లాగడం, ఆయన పుస్తకంలో రాసుకోవడం చూసి నాకు తిండి సయించలేదు. నాకూ ఒక కొలతల తాడు కావాలి. మూరకొక ముడి వేసుకోవాలి. ఇంట్లో అంత పొడుగు తాడు ఒక్కచోటే కనిపించింది, మా నాయనమ్మ మంచానికి.

నులక మంచం ఎరుగని వాళ్ల కోసం చెబుతాను. అల్లిక మంచం మొత్తం ఉండదు. కాళ్లవైపు జానెడున్నర ఖాళీ వదిలి, అల్లిక అంచునూ మంచం పట్టెనూ కలుపుతూ ఒక తాడును అటూ ఇటూ లాగి కడతారు. వాడగా వాడగా నులక సాగుతుంది. అలా సాగినప్పుడల్లా ఆ తాడును బిగిస్తే మంచం మళ్లీ గట్టిపడుతుంది. మా నాయనమ్మ మంచానికి ఆ తాడు పదకొండు వరసలుంది. కూర్చుని లెక్కపెట్టాను. మంచం పడిపోకుండా ఉండడానికి ఆరు చాలవా అనుకున్నాను. ఒక వరస విడిచి ఒక వరస తిరిగి కట్టి, మిగిలిన తాడును కొడవలితో కోసుకున్నాను. మంచం పడిపోలేదు. నా ఆలోచన సరైనదేనని మురిసిపోయాను. మంచం పని పడిపోకుండా ఉండడం ఒక్కటే కాదని నాకు తోచలేదు.

పది రోజుల్లో ఆ మంచం నడిమిభాగం తొట్టిలా కిందికి దిగింది. మా నాయనమ్మ పొద్దున్నే లేచే తీరు మారింది. అంతకుముందు కూడా ఆమెకు పొద్దుటిపూట నడుము కాస్త పట్టేసేది. మూడు అడుగులు వేసేసరికి సర్దుకునేది. ఇప్పుడు అలా కాదు. ముందు ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకునేది. కుడిచెయ్యి నడుము మీద వేసుకునేది. 'ఎల్లమ్మ తల్లీ' అని దీర్ఘం తీసి లేచి, కళ్లు నేలకేసి, ఏదో పారేసుకున్నదాన్ని వెతుకుతున్నట్టు నడిచేది. నాలుగో అడుగుకు తల ఎత్తేది. ఏడో అడుగుకు, గోలెం అంచు చేతికి అందాక, నిటారుగా నిలబడేది. కాసేపటికి మామూలు మనిషైపోయి కల్లాపి చల్లేది. ఆమె మేలుకున్న అలికిడికే లేచి, నేను అరుగు మీద కూర్చుని ఇదంతా రోజూ లెక్కపెట్టేవాణ్ణి. ఏడంటే ఏడే. నా కొలత ఎప్పుడూ తప్పలేదు.

అంతటితో ఆగలేదు. ఒకనాడు వాడలో పిల్లల ముందు ఆ నడక నడిచి చూపించాను. ఎంత నవ్వారంటే, అంత నవ్వు అంతకుముందు నేను ఎవరినుంచీ సంపాదించలేదు. బడిలో ఎక్కాలు తప్పు లేకుండా చెప్పినా ఎవరూ అలా సంబరపడలేదు. మర్నాడు మళ్లీ చూపించమన్నారు. చెయ్యి ఎక్కడుండాలో, తల ఎప్పుడు ఎత్తాలో, 'ఎల్లమ్మ తల్లీ' ఎంతసేపు సాగాలో సరిచేసుకుంటూ పోయాను. బాయి దగ్గర ఆడవాళ్లు కూడా ఆగి చూశారు. మా పక్కింటి అక్క బిందె దించి మరీ నవ్వింది. ఆమె కూడా నాట్ల గుంపులోనిదే. "ఏడడుగుల పెద్దవ్వ" అని పేరు పెట్టింది ఎవరో నాకు గుర్తులేదు. నేను కాకపోవచ్చు. కానీ ఏడనే లెక్క ఇచ్చింది నేనే.

పేరు ఒకసారి పుడితే దాన్ని ఆపే గట్టు ఉండదు. అది వాడ దాటి మడికట్ల మీదికి, అక్కడినుంచి పటేలు ఇంటికి చేరింది. నారుమళ్లు పచ్చబడ్డాయి. ఇంకో మూడు వారాల్లో నాట్లు. ఒక సాయంత్రం మా నాయిన ఇంటికి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా, "ఏందే అవ్వా, పొద్దుగాల నడుము లేస్తలేదంట నీకు? పటేలు అడిగిండు. ఈసారి గుంపుకు ఇంకెవరినన్న పెద్దను జేద్దామా అంటున్నడు" అన్నాడు. మా నాయనమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది. చెయ్యి ఆపలేదు. "మడిల వంగేదాన్ని నేను. మంచంల లేసుడుతోని ఆయనకేం పని?" అంది. మాట గట్టిగానే ఉంది. కానీ ఆ రాత్రి అన్నం సగం వదిలేసింది. నేను ఆమె పక్కనే కూర్చుని తింటున్నాను. నా పళ్లెంలో ఏమీ మిగల్లేదు.

మా నాయిన కోపిష్టి కానీ తల్లి మీద ప్రేమ లేనివాడు కాదు. మంచాలు అల్లే చాచాకు కబురు పెట్టాడు. సంగారెడ్డి వైపు నుంచి ఊరూరా తిరుగుతూ ఏడాదికోసారి మా ఊరు వచ్చే మనిషి ఆయన. తెల్లటి గడ్డం, భుజాన నులక చుట్ట, వేళ్ల సందుల్లో కాయలు. ఆయనకు మంచం చూపిస్తే చాలు, దాని మీద పడుకునే మనిషికి ఎక్కడ నొప్పో చెబుతాడని అందరూ అనేవారు. ఎడమవైపు అల్లిక లోతుగా ఉంటే ఎడమ భుజం, కాళ్లవైపు చిరిగితే నిద్ర పట్టని మనిషి, ఇలా. ఆయన వచ్చేసరికి వాకిట్లో పిల్లలు మూగారు. పక్కింటి అక్క గోడ మీద మోచేతులు ఆనించి నిలబడింది. మా నాయనమ్మ లోపల దంచుతోంది.

చాచా మంచాన్ని వాకిట్లోకి తెప్పించి, మీద చెయ్యి వేసి నొక్కి, "అక్క ఎట్ల లేస్తది పొద్దుగాల? ఎవలన్న సూసిన్రా?" అని అడిగాడు. మా నాయినకు తెలియదు. ఆయన లేచేసరికే ఆమె కల్లాపి చల్లుతూ ఉంటుంది. ఇంతలో పిల్లల్లో ఒకడు అరిచాడు.

"గీడు మస్తు జేసి సూపిస్తడు చాచా! అచ్చం ఏడడుగుల పెద్దవ్వ లెక్కనే!"

పిల్లలంతా గొల్లుమన్నారు. చాచా నవ్వలేదు. నన్ను దగ్గరికి పిలిచి, "సూపియ్యి బేటా. జెర సుత తప్పు వోవద్దు" అన్నాడు. తప్పు పోకూడదంటే నాకు అదో పౌరుషం. మంచం మీద పడుకున్నాను. పట్టె పట్టుకున్నాను. ఆయన ప్రతి మెట్టు దగ్గరా ఆపి అడుగుతున్నాడు. చెయ్యి నడుముకు యాడ వెడ్తది, ఎన్క పక్కనా, ఇంకా కిందనా? కాలు ఈడుస్తదా, ఎత్తి ఏస్తదా? నొప్పి కాళ్లల్లకు దిగుతదన్నదా ఎన్నడన్న? నేను ఒక్కొక్కటీ సరిగ్గా చెబుతున్నాను, చూపిస్తున్నాను. ఒకటి, రెండు, మూడు. నాలుగుకు తల ఎత్తాను. ఐదు, ఆరు. ఏడో అడుగుకు నిటారుగా నిలబడి ఎదురుగా చూశాను. గుమ్మంలో రోకలి పట్టుకుని మా నాయనమ్మ నిలబడి ఉంది.

ఎంతసేపటినుంచి నిలబడిందో తెలియదు. తన నడక బయటినుంచి ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు కదా. అది ఆమె మొదటిసారి చూసింది, నాలో చూసింది. కోపం లేదు ఆ ముఖంలో. తన చీర కొంగు చిరిగి ఉందని నలుగురిలో ఎవరో చెప్పినప్పుడు మనిషి ఎలా సర్దుకుంటుందో, అలా నడుము కొంచెం నిగుడ్చుకుంది.

"ఎప్పటిసంది ఏడు?" అన్నాడు చాచా. "మిరుగు కార్తె సంది" అన్నాను. "గంతకుముందు?" "మూడు."

ఆయన మంచాన్ని పక్కకు ఒరగబెట్టి కాళ్లవైపు తాడు మీద వేళ్లు నడిపించాడు. ఒక్కచోట ఆగాడు. "అరె, గీ తాడు సగమే ఉన్నది. కోసిన్రు ఎవలో. కొడవలితోని కోసిన్రు" అన్నాడు.

మా నాయిన అందరి వైపూ తిరిగాడు. "ఎవడు కోసిండ్రా?"

ఆ తాడు ముడులన్నీ వేసుకుని మా బర్రెల కొట్టం పక్కన గడ్డివాము వెనక ఉంది. నాకు నోరు లేదా అంటే ఉంది. నిమిషం కిందటిదాకా ఎంత స్పష్టంగా మాట్లాడానో అందరూ విన్నారు. దెబ్బలు పడతాయన్న భయం ఉంది కానీ, నిజం చెప్పాలంటే అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఇంతసేపు నన్ను మెచ్చుకుంటూ చూసిన పిల్లలు ఇప్పుడు నన్ను చూసి నవ్వుతారు. అందుకే నేల చూశాను.

"నేనే కోసిన" అంది మా నాయనమ్మ గుమ్మంలోంచి. "దూడెకు పలుపు లేకుండె. నేనే కోసిన."

మా నాయిన విరుచుకుపడ్డాడు. "పండుకునే మంచం తాడు కోసుకుంటరా ఎవలన్న? కోసుకొని నడుము నొస్తుందని మూల్గుడా? నడుముతోని బుద్ధి సుత వోయిందా నీకు?" ఇంకా చాలా అన్నాడు. వాడంతా విన్నది. పక్కింటి అక్క గోడ మీదినుంచి మోచేతులు తీసేసింది. మా నాయనమ్మ చేతిలోని రోకలి వంకే చూస్తూ నిలబడింది. మధ్యలో ఒకసారి మాత్రం నా వైపు చూసింది. చాచా అసలు నా వైపు చూడలేదు. అలా చూడకపోవడం వల్లే ఆయనకు కూడా తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

ఆయన కొత్త తాడు కట్టి, కాలు తన్నిపెట్టి, పదకొండు వరసలూ బిగించాడు. ఆ తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన మాటలు ఇప్పటికీ వరస తప్పకుండా చెప్పగలను. రాత్రంతా నడుము గుంతలో వంగి ఉంటే పొద్దుటికి అలాగే బిగుసుకుంటుంది. నడిస్తే వదిలేది బిగుసుకున్న నడుము. నడిచినకొద్దీ పెరిగేది, కాళ్లలోకి దిగి తిమ్మిరెక్కేది వేరే రోగం, దానికి హకీం కావాలి. మీ అవ్వది మొదటిదే. మెలకువ రాగానే లేవనీయకు. పడుకునే ఒక్కొక్క మోకాలూ పొట్టకు దగ్గరగా లాక్కోమను, పదిసార్లు ఊపిరి తీసేదాకా అలాగే ఉంచమను. లేచేటప్పుడు తిన్నగా లేవకూడదు, పక్కకు ఒరిగి, కాళ్లు కిందికి జార్చి, చేత్తో మంచాన్ని నెట్టి లేవాలి. గోరువెచ్చని నీళ్ల గుడ్డ గానీ, వేయించిన ఉప్పు మూట గానీ నడుముకు పెట్టాలి, చర్మం కాలకుండా చెయ్యితో చూసి. వాకిట్లో నాలుగు చుట్లు తిరిగాకే బిందెకు వంగాలి.

"నువ్వు మంచిగ లెక్కవెడ్తవ్ గద బేటా" అన్నాడు చివర్న. "ఇగ గీ లెక్క నువ్వే సూడు." ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

చూశాను. మర్నాటినుంచి రోజూ ఆమెకంటే ముందు లేచి ఉప్పు వేయించాను. ఊపిరులు నేనే లెక్కపెట్టాను. మొదటిరోజు ఆమె సిగ్గుపడింది, "ఈ వయసుల మోకాళ్లు కడుపుల వెట్టుకునుడేందిరా, పసిపిల్లనా" అంది. నాలుగో రోజుకు అడుగులు ఐదయ్యాయి. వారం దాటాక నాలుగు. రెండు వారాలకు రెండే. అంతకుముందు ఎన్నడూ లేనంత తేలిగ్గా లేస్తున్నానని ఆమే అంది. నాకు గుండె మీద బరువు దిగినట్టయింది. చేసిన తప్పు దిద్దేశాను, ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనుకున్నాను. ముడుల తాడును బాయిలో పారేశాను.

నాట్లు మొదలయ్యే రోజున ఆమె చీకటితోనే లేచి, తలకు నూనె రాసుకుని, నిటారుగా నడిచి మడికి వెళ్లింది. పగటిపూట ఆమె తినడానికి జొన్న గటక తీసుకుని నేను వెళ్లాను. గట్టు పక్కన మొదటి వరసలో పక్కింటి అక్క ఉంది. పాట ఆమే ఎత్తుకుంటోంది. ఇరవై మందీ ఆమె వరస చూసి వేస్తున్నారు. మా నాయనమ్మ అవతలి చివర, కొత్తగా పని నేర్చుకునే ఇద్దరు పిల్లల పక్కన ఉంది.

తర్వాత తెలిసింది. నడుము బాగైందని పటేలుకు మా నాయినే వెళ్లి చెప్పాడు. నడుము సంగతి సరే, మతి కూడా జారుతోందట కదా, పండుకునే మంచం తాడే కోసుకున్నదట కదా అన్నాడట పటేలు. గోడ మీదినుంచి విన్న మాట అక్కడిదాకా పోయింది. ఆ మాటను తప్పని చెప్పగలిగిన మనిషి ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. ఇంట్లో ఉప్పు వేయిస్తున్నాడు.

ఆ పగలు గటక తినడానికి ఆమె గట్టు మీదికి వచ్చింది. మిగతా వాళ్లకు దూరంగా కూర్చుంది. గిన్నె చేతికిచ్చి నేను ఏడుస్తూ చెప్పేశాను, తాడు కోసింది నేనేనని. ఆమె తినడం ఆపలేదు. అయిపోయాక చెయ్యి కడుక్కుని, "నాకెరుకే బిడ్డా" అంది. "గడ్డివాము ఎన్క తాడు గా దినమే సూసిన. మీ నాయిన ముంగట జెప్తవేమోనని సూసిన నీ దిక్కు."

తిట్టినట్టు అనలేదు. వాన వస్తుందేమోనని చూశాను, రాలేదు అన్నట్టు అంది. లేచి మడిలో దిగింది. నాట్లు వేసేవాళ్లు వెనక్కి వెనక్కి నడుస్తారు. అందుకని ఆమె నాకు ఎదురుగా ఉండే, ఒక్కొక్క అడుగూ నాకు దూరమైంది. నడుము బాగా వంగుతోంది. తల మాత్రం ఎత్తలేదు.

ఆ రాత్రే మా నాయినకు చెప్పాను. రెండు దెబ్బలు పడ్డాయి. మర్నాడు ఆయన పటేలు దగ్గరికి కూడా వెళ్లాడు. పటేలు నవ్వి, పిల్లలు కదా, అయినా ఇప్పుడు గుంపు కుదిరింది, వచ్చే ఏడు చూద్దాం అన్నాడట. వచ్చే ఏడూ పక్కింటి అక్కే పెద్ద. ఊళ్లో ఆ పేరు మాత్రం మా నాయనమ్మ పోయేదాకా ఉంది. చిన్నపిల్లలు, ఎందుకు వచ్చిందో తెలియని వాళ్లు కూడా, మామూలుగా పిలిచినట్టే పిలిచేవారు. ఆమె పలికేది.

తర్వాత నేను డిప్లొమా చదివి, పటాన్‌చెరు ఫ్యాక్టరీలో నక్షాలు గీసే విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు అప్పటి ఆమెకంటే ఇరవై ఏళ్లు పెద్దవాణ్ణి. పొద్దుటిపూట నా నడుమూ పట్టేస్తుంది. చాచా చెప్పినవన్నీ వరసగా చేస్తాను, అవి పనిచేస్తాయి. అడిగిన వాళ్లకు సంతోషంగా చెబుతాను.

ఇంకొకటి ఎవరూ అడక్కుండా మిగిలింది. ఫ్యాక్టరీలో ఏ కొలత తప్పు పోయినా, ఎవరు చేశారని పై అధికారి అడిగిన మరుక్షణం, నాదైతే నాదని చెప్పేసేవాణ్ణి. పక్కవాడు నోరు తెరవకముందే చెప్పేవాణ్ణి. ఒకటి రెండుసార్లు నాది కానిదాన్ని కూడా తొందరలో నాదనేశాను. అందరూ దాన్ని నిజాయితీ అన్నారు. పదవీ విరమణ రోజున ఆ మాటే చెప్పి దండ కూడా వేశారు. నేను దండ వేయించుకుని తల వంచుకుని కూర్చున్నాను. ఎవరు చేశారు అన్న ప్రశ్న వినబడితే చాలు, ఎక్కడో ఒక గుమ్మంలో మనిషి నిలబడి, నేను చెబుతానేమోనని నా వైపు చూస్తున్నట్టు ఉంటుంది నాకు. ఆ చూపు రెండోసారి భరించలేకే ముందుగా మాట్లాడేస్తాను, అంతే.